పెట్టె మీది మోకాలు

మా కొండ ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అందుకని పాతదేది దొరికినా నా దగ్గరికే తెస్తారు. గుర్రపు నాడాలు తెచ్చారు, తుప్పు తాళాలు తెచ్చారు, ఒకసారి ఎవరిదో పన్ను కూడా తెచ్చారు. యానెనా పట్నంలో మ్యూజియంలో వెండి సామాను చూసుకునే ఉద్యోగం నాది. గొర్రెలు కాసే మా నాన్న మాత్రం "మా ఫోతిని ఏదైనా కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది" అని ఊరంతా చాటాడు. కళ్ళు తెరిచినా ఒక్కోసారి తెలియదని ఆయనకు చెప్పలేదు.

పునీత దిమిత్రియోస్ పండుగ రేపనగా, స్తమాతో పెద్దమ్మ నన్ను చర్చికి పిలిపించింది. ఆమె మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ. ఒడిలో తువ్వాలు, తువ్వాలులో తూటాలు పెట్టుకునే వెండి పెట్టె. మా తాతల కాలంలో మగవాళ్ళు నడుముకు కట్టుకునేవి, అరచేయంత ఉంటాయి. దాని మూత మీద శిరస్త్రాణం పెట్టుకుని, ఈటె పట్టుకున్న ఒక మనిషి బొమ్మ.

"దిమిత్రియోస్ స్వామే తల్లీ," అంది పెద్దమ్మ. "గడ్డం లేని కుర్ర సిపాయి, చేతిలో ఈటె, ఇంకేం కావాలి? నలభై ఏళ్ళు మా ఇంట్లో దీపం పెట్టాను. మోకాలు పట్టేసి మంచాన పడితే మొక్కుకున్నాను, నడిపిస్తే నిన్ను నీ చర్చికే ఇచ్చేస్తానని. నడిచాను. రేపు ఇవ్వాలి. మాట తప్పితే మోకాలు ఊరుకుంటుందా?"

మా చర్చి పూజారి లాంబ్రోస్ అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "ఇమ్మను, నాకేం. కానీ స్వామి పటమంటూ గోడకెక్కించాలంటే అది స్వామిదేనని ఈ అమ్మాయి రాసి సంతకం పెట్టాలి. నిరుడు గడ్డం చూసి ఒక పటం తీసుకున్నాను. ఆర్నెల్లు ధూపం వేశాక అది ఎవరో సేనాధిపతిదని తేలింది. బిషప్‌గారు నన్ను నిలబెట్టి కడిగేశారు."

నేను భూతద్దం తీశాను. నడుము ఒంపుకు సరిపడా వంగిన పెట్టె, వెనక బెల్టు దూర్చే కొక్కేలు. అంచున నల్లపూత పూసిన తీగలు, ఆకులు. వెండిపనికి పేరున్న కలారితెస్ ఊరి కంసాలుల పని, సందేహం లేదు. లోపల మందుగుండు మరక ఒక్కటీ లేదు, సిలువ పండుగకు చర్చిలో పంచే తులసి మాత్రం ఎండి ఉంది. నలభై ఏళ్ళ ముద్దులకు బొమ్మ ముఖం అరిగిపోయింది. కింది భాగం మాత్రం నిన్న చేసినట్టుంది: పాతకాలంలో మా మగవాళ్ళు కట్టుకున్న కుచ్చుల పొట్టి పావడా, దాని కింద రెండు గుండ్రటి మోకాళ్ళు. ఒక చేతిలో ఆలివ్ కొమ్మ. కాళ్ళ దగ్గర గుడ్లగూబ.

దిమిత్రియోసే అని రాసేస్తే ఈ ఊళ్ళో అడిగేవాళ్ళు లేరు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన ముసలావిడ నా నోటి వంకే చూస్తోంది. కానీ అబద్ధం మీద సంతకం పెట్టడానికా మా నాన్న నన్ను చదివించాడు?

"పెద్దమ్మా, ఇది ఆడమనిషి."

"నీ మొహం! పావడా చూడు, మా తాత కట్టుకున్నదే!"

"అది కంసాలి పొరపాటు. దేశానికి స్వతంత్రం వచ్చాక పాత యుద్ధదేవత అథీనాను స్వేచ్ఛకు గుర్తుగా చెక్కడం మొదలుపెట్టారు. ఈ కంసాలి ఆమె బొమ్మ ఎన్నడూ చూసి ఉండడు. యోధురాలన్నారు కదా అని మన మగవాళ్ళ పావడా కట్టేశాడు. గుడ్లగూబ, ఆలివ్ కొమ్మ ఆమె గుర్తులే."

"అది పావురం. కంసాలి తాగి ఉంటాడు."

"పావురానికి అంతేసి కళ్ళా?" అన్నారు అయ్యగారు.

పెద్దమ్మ పెట్టె లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"అయితే నలభై ఏళ్ళు," అంది చివరికి, "బట్టలు మార్చుకునేప్పుడల్లా వయసు కుర్రాడని దీని మీద గుడ్డ కప్పానే, అదంతా దండగేనా?" మళ్ళీ తనే, "అందుకే మా ఆయన మీద ఏం చెప్పుకున్నా అర్థం చేసుకునేది," అంది.

"ఎవరైనా సరే, అన్యదేవతను పటంగా పెట్టలేను పెద్దమ్మా," అన్నారు అయ్యగారు బాధగానే.

"మరి నా మాట? నా మోకాలు?"

నేను పక్కకు చూశాను. దిమిత్రియోస్ పటం కింద దారానికి వెండి మొక్కు రేకులు వేలాడుతున్నాయి. కళ్ళు, చేతులు, కాళ్ళు, ఒక ఆవు, లోయలో పడకుండా ఆగిన మా ఊరి యన్నూలాస్ ట్రాక్టరు.

"అయ్యగారూ, ట్రాక్టరు పునీతుడా?"

"ఏం మాటలమ్మా అవి? అది పటం కాదు, మొక్కు. బాగైనదాని బొమ్మ ఇస్తారు, అంతే."

"పెద్దమ్మకు బాగైంది మోకాలు," అన్నాను. "దీని మీద రెండున్నాయి."

ఆయన పెట్టె అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. "మంచి మోకాళ్ళే," అన్నారు.

నేను ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. కలారితెస్ పని, అథీనా, గుడ్లగూబతో సహా. అయ్యగారు ఆ కాగితం మడిచి లోపల పెట్టుకుని, చర్చి పుస్తకంలో తన చేత్తో రాసుకున్నారు: "మోకాలు, వెండిది, ఒకటి. దానితోపాటు మరికొంత."

పండుగనాడు పూజ అయ్యాక కొత్త వైను తెరిచారు. ట్రాక్టరు పక్కన పెట్టె మెరుస్తోంది. పెద్దమ్మ కర్ర లేకుండా నడిచి వచ్చి దిమిత్రియోస్‌కు ముద్దు పెట్టింది, తర్వాత పెట్టె కేసి చూసి నాలుక కరుచుకుంది. జేబులోంచి ఆ పాత గుడ్డే తీసి, దేవత నడుము నుంచి కిందికి చుట్టి ముడి వేసింది.

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా!" అయ్యగారు గ్లాసు పట్టుకునే పరిగెత్తారు.

"పైన పటంలో వయసు కుర్రాడు, కింద పెట్టె మీద ఆడపిల్ల. సిగ్గుండదా?"

"మోకాలు కనపడాలే తల్లీ! పుస్తకంలో ఉన్నది అదొక్కటే!"