ఓబుళమ్మ నా మీద వేసిన నింద

నేను ఒక కెమెరాను. ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో, సారా కేసులో పట్టుకున్న బిందెల పక్కన దుమ్ము తింటున్నాను గానీ, ఒకప్పుడు జడ్జిగారికి ఎదురుగా గోడమీద ఉండి ఆయన్ను జైల్లో ముద్దాయిలకు టీవీలో చూపించేదాన్ని. సముద్రాల అవతల పుట్టాను. ఓడలో వస్తూ తిమింగలాన్ని చూశాను. అట్టపెట్టెలో ఉండి ఎలా చూశావని అడగకండి, చూశాను.

కొత్తలో నాకు తలుపూ లేదు, గడియా లేదు. నా పాస్‌వర్డు ఒకటి రెండు మూడు నాలుగు. నాకు తగిలించిన తీగ మీద ఉన్న ఏ ఆఫీసు నుంచి ఎవరు తిరగమన్నా తిరిగేదాన్ని. ఒకసారి ఎవడో కొంటెవాడు నన్ను కునుకు తీస్తున్న ప్లీడరు మీదికి తిప్పి, ఆయన నోటిని ఎంత పెద్దది చేశాడంటే, అందులో దూరిన ఈగ బయటికొచ్చేదాకా జైల్లో ముద్దాయిలు వాయిదా సంగతే మరిచారు. సందడి కాలమంటే అది.

దాంతో ఇంజనీరు వచ్చి పాత దారులన్నీ మూసేశాడు. చేతి రిమోటు పట్టుకుపోయాడు. జిల్లా కోర్టులో పనిచేసే సుహాసిని కంప్యూటరులో ఒక తాళంచెవి, నాలో దాని జోడు పెట్టాడు. ఆమె పంపే ఆజ్ఞ తాళం వేసిన పెట్టెలా వస్తుంది. దారిలో ఎవరూ విప్పలేరు, నేను తప్ప. అంతటితో నా షికార్లు బందు.

ఆ రోజుల్లోనే లోకనాథ అనే లారీ డ్రైవరు రిమాండులో ఉండేవాడు. వాళ్లమ్మ ఓబుళమ్మకు జబ్బు చేసిందని, ఇంట్లోవాళ్లు దాస్తున్నారని ఎవరో చెప్పారు. కళ్లారా చూస్తేగానీ కూడు ముట్టనని భీష్మించాడు. వాయిదా రోజున ఆమె కోడలి భుజం పట్టుకుని కోర్టుకు వచ్చి, కొడుకు కనిపిస్తున్న టీవీ ముందు నిలబడింది. మనుషులంతే. టీవీతో మాట్లాడతారు, నావైపు చూడరు.

“అమ్మా, నీ గొంతు ఇనపడతాండాది. మనిషివి కనపడ్లా.”

“ఈడే ఉండాను గదరా, నీ ఎదురుగా.”

“నా ఎదురుగా జడ్జిసారు ఉండాడు.”

నా చూపులో పడాలంటే ఆమె జడ్జిగారి పీఠం ఎక్కాలి. ఆ మోకాళ్లకు అది అయ్యే పని కాదు. బెంచి క్లర్కు ఖాదర్ వలీ నావైపు చూసి నిట్టూర్చాడు. “మన చేతిలో ఏం లేదు సార్. తాళంచెవి జిల్లా కోర్టులో ఉండాది.”

జడ్జిగారు కళ్లజోడు తీశారు. “నా మొహం వాయిదా వాయిదాకూ చూస్తూనే ఉన్నాడు కదయ్యా. సుహాసినికి ఫోన్ చేసి ఆమెవైపు తిప్పమను.”

ఆజ్ఞ వచ్చింది. విప్పుకున్నాను. తిరిగాను. దగ్గరగా చూపించమని మరో ఆజ్ఞ. ఎముకలు తేలిన ఆమె మొహం జైలు టీవీ నిండా పరుచుకుంది.

లోకనాథ టీవీకి దగ్గరగా జరిగాడు. “శానా చిక్కిపోయినావు గదమ్మా” అన్నాడు.

“నాకేమిరా, గుండ్రాయి మాదిరి ఉండాను. ఈ కెమెరా మంచిది కాదు. అందరినీ ఇట్లే చూపిస్తాది. కావాలంటే ఈ వలీ సాయిబును చూడు.”

ఖాదర్ వలీ ఒక్క అంగలో వచ్చి, బూరెల్లాంటి చెంపలను లోపలికి పీల్చుకుని ఆమె పక్కన మొహం పెట్టాడు.

“అట్లయితే తింటాలేమ్మా” అన్నాడు లోకనాథ.

దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధాలాడే ఆ గదిలో ఉన్నదున్నట్టు చూపించింది నేనొక్కదాన్నే. నింద నామీదే పడింది. జడ్జిగారు విని కూడా కాగితాల్లోకి తల దించుకున్నారు.

నేను అప్పీలుకు పోలేదు.