తీర్థానికి కాదు, పనికి

మాఘమాసం మొదట్లో ఒక సోమవారం పొద్దున్న ఆరున్నరకి సూర్యావతి కూతురు దుర్గ పోయింది.

అల్లవరం దగ్గర వాళ్ల పేటనుంచి రొయ్యల షెడ్డుకి పదకొండు కిలోమీటర్లు. రోజూ తెల్లారుతుండగా షెడ్డు వ్యాను వచ్చి పేట చివర ఆగేది. అది మనుషులు ఎక్కే వ్యాను కాదు, రొయ్యల ట్రేలు మోసేది. ఆ ట్రేల మధ్య, కారుతున్న ఐసు నీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని ఆడవాళ్లు నిలబడేవారు. ఆ రోజు పదకొండుమంది ఎక్కారు. పదిమంది సూర్యావతి నడిపే పొదుపు సంఘం వాళ్లు. పదకొండోది దుర్గ. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సెలవుల్లో నాలుగు రోజులు రొయ్యల తలకాయలు తీస్తానని తల్లి వెంటపడి వచ్చింది. కాలవ మలుపులో వ్యాను గట్టు దిగి బోర్లా పడింది. కాలవలో నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. ట్రేల కింద పడ్డ దుర్గకి ఆ మాత్రం సరిపోయాయి.

క్రిస్టీనా కుడిచెయ్యి వ్యాను తలుపు కింద నలిగిపోయింది. అందరిలోకీ పెద్దదైన ముత్యాలుకి తుంటి విరిగింది. మిగిలినవాళ్లకి తలోచోటా దెబ్బలు. సూర్యావతికి తలమీద ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కనే, తెల్లగుడ్డ కప్పిన స్ట్రెచరు మీద దుర్గ ఉంది. ఇంకా పోస్టుమార్టానికి తీసుకెళ్లలేదు.

అప్పుడు వచ్చాడు సత్తిబాబు. ఒక చేతిలో కొబ్బరిబొండాం, ఒక చేతిలో రొట్టెల పొట్లం, భుజాన సంచీ. సూర్యావతి కాళ్ల దగ్గర నేలమీదే కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"అక్కా, నేను పరాయివాణ్ణి కాదండీ. సఖినేటిపల్లి రేవులో ఎవర్నడిగినా చెప్తారు నా గురించి. ముందు కాసిని నీళ్లు తాగండి."

ఆమె తాగలేదు.

"అమ్మాయిని తొందరగా ఇంటికి తీసుకెళ్లాలి కదండీ. ఎండెక్కిపోతోంది. మా లాయరు గారు ఒక్క ఫోను కొడితే పోస్టుమార్టం దగ్గర ఎవరూ ఆపరు. మీరొక సంతకం పెట్టండి, చాలు." సంచీలోంచి తెల్లకాగితం తీశాడు.

"ఎక్కడండీ?"

"ఇక్కడా, ఇక్కడా, ఈ కిందా."

"దీంట్లో ఏం రాసిలేదు కదండీ?"

"ఈ తొందర్లో ఎక్కడ రాస్తామక్కా? తరవాత రాసుకుంటాం."

సంఘం పెట్టిన పద్నాలుగేళ్ల నుంచీ వాళ్లది ఒకటే పద్ధతి. ఏ కాగితం వచ్చినా ముందు సూర్యావతి చదువుతుంది, ముందు సూర్యావతి సంతకం పెడుతుంది. ఆమె పెట్టాక మిగిలిన తొమ్మిదిమందీ ఏమిటని అడగరు. ఆమె వేలు చూపించిన చోట పెడతారు. ఈ పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆమె చదవకుండా పెట్టలేదు.

ఆ రోజు చదవలేదు. చదవడానికి అందులో ఏమీ లేదు. ఎండెక్కిపోతోందన్న మాట ఒక్కటే ఆమె చెవిలో ఉంది. పెట్టేసింది.

సత్తిబాబు ఆ కాగితం పట్టుకుని మంచం మంచానికీ తిరిగాడు. "లీడరు గారు పెట్టేరమ్మా, చూసుకోండి," అన్నాడు. చూసుకున్నారు. అది సూర్యావతి సంతకమే. అందరూ పెట్టారు. మత్తులో ఉన్న క్రిస్టీనా కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమచేతి బొటనవేలు తనే పట్టుకుని సిరా అద్ది ఒత్తించాడు. పది నిమిషాల్లో పని ముగించి వెళ్లిపోయాడు. పోస్టుమార్టం సాయంత్రానికి గాని కాలేదు.

పదకొండో రోజుకి పేటలోకి ఇంకో ఇద్దరు వచ్చారు, వేరే లాయర్ల మనుషులు. పలకరించడానికి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఎవరని అడగడం మన దగ్గర తప్పు. కుర్చీ వేస్తాం, మంచినీళ్లిస్తాం. వాళ్లకి అది బాగా తెలుసు. ముత్యాలు మంచానికి అటొకడూ ఇటొకడూ కూర్చున్నారు.

"మా లాయరు గారు కేసు పట్టేరంటే ఓడిపోయింది లేదు పిన్నిగారూ," అన్నాడొకడు.

"వీళ్ల లాయరు గారికి కోర్టు గుమ్మం ఎటుందో తెలీదండీ," అన్నాడు రెండోవాడు.

ముత్యాలు కళ్లు తెరిచింది. "బాబూ, నా తుంటి విరిగింది గానీ నేను వేలంపాటకి పెట్టలేదండీ. లెగండి. ఆ కుర్చీలు పక్కింటోళ్లవి, అడుగుతున్నారు."

పేటలో చాలా రోజులకి ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

నెల తిరిగాక పంచాయతీ ఆఫీసులో న్యాయసహాయం వాళ్లు ఒక శిబిరం పెట్టారు. ప్రణవి అనే చిన్నవయసు లాయరమ్మ వచ్చింది. బీదవాళ్ల తరఫున ప్రభుత్వం జీతమిచ్చి పెట్టిన లాయరు. సూర్యావతి వెళ్లి జరిగింది చెప్పింది. వారం తరవాత ప్రణవి, వాళ్ల పేరున సత్తిబాబు లాయరు వేసిన కేసు నకలు కోర్టునుంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"మీరే చదువుకోండి సూర్యావతి గారూ. నేను చెప్తే నమ్మలేరు."

సూర్యావతి నిలబడే చదివింది. పదిమంది పేర్లూ ఉన్నాయి. ఆ కింద ఇలా ఉంది: 'మేము అంతర్వేది తీర్థానికి వెళ్లుచూ, దారిలో వచ్చుచున్న సరుకుల వ్యానును ఆపి, డ్రైవరు వారించినను వినక, బతిమాలి ఎక్కితిమి. మాకును, సదరు షెడ్డు యజమానికిని ఏ సంబంధమును లేదు.'

అడుగున తన సంతకం. గుండ్రంగా, స్పష్టంగా.

"ఇలా రాస్తే ఏవవుద్దండీ?"

"మీరు కూలీలు కాదన్నమాటండీ. షెడ్డాయనకి బాధ్యత లేదు. సరుకుల బండి బతిమాలి ఎక్కేరు కాబట్టి బీమా కంపెనీ కూడా తప్పుకోవచ్చు. మీ కేసు వేసినాయనే మీ కేసు పూడ్చేశాడు. ఎవరి కోసం చేశాడో మీరే ఆలోచించుకోండి." ప్రణవి కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది. "ఆసుపత్రి మంచం దగ్గరకి మనిషిని పంపి కేసు పట్టడం వకీలు చెయ్యకూడని పనండీ. వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకోవడమూ అంతే. లాయర్ని మార్చుకునే హక్కు మీకుంది. మీ కాగితాలు ఆయన ఆపకూడదు. అర్జీ నేను వేస్తాను. కానీ టైం పడుతుంది. ఈ మాట అబద్ధమని రుజువు చెయ్యాల్సింది మళ్లీ మీరే."

ఆ సాయంత్రం పేటలో అందరూ కూడారు. సూర్యావతి ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. ముందు తేరుకున్నది క్రిస్టీనా.

"నేను కూడానా అక్కా? అంతర్వేది తీర్థానికా? చంకలో బైబిలు పెట్టుకుని రథం లాగడానికి ఎల్లేనంటనా?"

ఒకావిడ నవ్వబోయి ఏడ్చేసింది. ఇంకొకావిడ లేచి సూర్యావతి ముఖం మీదే అంది: "నువ్వు పెట్టేవనే కదా మేం పెట్టేం."

"ఆయ్. నేను పెట్టేననే పెట్టేరు," అంది సూర్యావతి. కూతురు పేరు అడ్డం పెట్టుకోలేదు.

అంతలో కారు వచ్చి ఆగింది. షెడ్డు యజమాని రాజేంద్రప్రసాద్ గారు దిగారు. వందెకరాల రొయ్యల చెరువులు, కొబ్బరితోటలు ఉన్న మనిషి. అలవాటు కొద్దీ ఎవరో కుర్చీ తెచ్చారు.

"చూడండమ్మా, కోర్టులంటే ఏళ్లు పడతాయి. నేను మీ మనిషిని. చెయ్యగలిగింది చేస్తాను. ఈ లాయరమ్మల మాటలు పట్టుకుని షెడ్డు పేరు బయటికి లాగేరనుకోండి, షెడ్డు మూత పడుద్ది. అప్పుడు అందరికీ పని పోద్ది."

"ప్రసాద్ గారూ," అంది ముత్యాలు మంచం మీదనుంచి, "మీ మనిషినంటారు మీరు. మేం మీ దగ్గర పనిచేసే మనుషులమని మాత్రం ఎక్కడా రాయనివ్వరేంటండీ?"

"పెద్దదానివి, నువ్వు కూడా ఇలా మాట్లాడితే ఎలాగ?"

"మా అమ్మాయి ఆ రోజు ఎక్కడికి వెళ్తోందండీ?" అంది సూర్యావతి.

ఆయన ఆమె కేసి చూడలేదు. కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ లేచి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక వాదన ముదిరింది. ఇచ్చింది పుచ్చుకుందామన్నవాళ్లున్నారు. పిల్లల ఆకలి చూసి ఆ మాట అన్నారు, వాళ్లనేమీ అనడానికి లేదు. పెద్దోళ్లతో పడలేమన్నారు మగవాళ్లు. క్రిస్టీనా లేచి, ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేసిన కుడిచెయ్యి అందరికీ కనపడేలా ఎత్తింది.

"ఇది తీర్థంలో పోలేదు. అయిదేళ్లు ఆ షెడ్డు ఐసులో నానిన చెయ్యి ఇది. రేపు ఇంకో వ్యాను బోల్తా పడుద్ది. ఇంకో సత్తిబాబు బొండాం పట్టుకొస్తాడు. అప్పుడూ తీర్థమే అంటారు. ఎన్ని తీర్థాలెళ్తామే మనం?"

ఆ రోజు పేట రెండు కట్టుబాట్లు చేసుకుంది. మొదటిది, ఎవరింటికి ఎవరు పలకరింపుకి వచ్చినా చెప్పులతోపాటు సంచీ కూడా గుమ్మం బయటే పెట్టాలి. రెండోది, ఏ కాగితమైనా వీధిలో అందరిముందూ పైకి చదవాలి. లీడరు పెట్టిందని ఎవరూ పెట్టకూడదు. విన్నాక, అర్థమయ్యాక, ఎవరిది వాళ్లే. ఈ రెండో కట్టుబాటు ప్రతిపాదించింది సూర్యావతే. పద్నాలుగేళ్ల తన పెద్దరికాన్ని తన చేతుల్తోనే తీసి పక్కన పెట్టింది.

తరవాతి మంగళవారం వాళ్లు తమ ఫైలు అడగడానికి అమలాపురం వెళ్లారు. ముత్యాలుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. సత్తిబాబుని పంపిన లాయరు గారి ఆఫీసు మెట్లమీద పదిమందీ కూర్చున్నారు. ఎవరూ పిలవలేదుగాని, పదకొండు గంటలకి షెడ్డునుంచి ఇంకో నలభైమంది పని ఆపేసి వచ్చారు. తలకి ప్లాస్టిక్ టోపీలు, కాళ్లకి గమ్ బూట్లు అలాగే ఉన్నాయి. వీధంతా రొయ్యల వాసన వేసింది. కాలేజీ పిల్లలు కొందరు సైకిళ్లాపి నిలబడ్డారు. వాళ్లలో దుర్గతో చదివినవాళ్లు ఉన్నారు.

లాయరు గారు బయటికి వచ్చారు. "ఏంటమ్మా ఇది? మీరు పెట్టిన సంతకాలే కదా. ఎవరైనా బలవంతం చేసేరా?"

"లేదండీ," అంది సూర్యావతి. "నా కూతురు శవం పక్కన కూర్చుని అడిగేరండీ. బలవంతం అక్కర్లేకపోయింది."

"కేసు నడుస్తుండగా ఫైలు ఇవ్వడం కుదరదు. వెళ్లండి. మీ మంచికే చెప్తున్నాను."

"మా మంచి మీ సంచీలో ఉందండీ, అది ఇచ్చెయ్యండి," అని వెనకనుంచి ఒక గొంతు లేచింది. ఆ తరవాత క్రిస్టీనా అరిచింది.

"ఎక్కడికెళ్తున్నాం?"

"పనికి!"

"తీర్థానికా?"

"పనికి!"

నలభై గొంతులు, యాభై గొంతులు. ఆఫీసు లోపల ఎవరో కిటికీ మూశారు. సూర్యావతి మాత్రం అరవలేదు. ఆమె పెదవులు మాత్రం కదిలాయి.

పోలీసులు వచ్చారు. ఆఫీసులోకి దౌర్జన్యంగా చొరబడ్డారని ఫిర్యాదు. ఒక్కరూ మెట్లు దాటలేదు. సూర్యావతినీ క్రిస్టీనానీ జీపు ఎక్కించారు. మిగిలిన ఆడవాళ్లు ముత్యాలు కుర్చీ మోసుకుంటూ వెనకే స్టేషన్‌కి నడిచి ఆవరణలో కూర్చున్నారు.

ఎస్సై మంచిగానే మాట్లాడాడు. "ఇదిగోనమ్మా, ఈ పూచీకత్తు మీద సంతకం పెట్టేసి ఇంటికెళ్లిపోండి. ఇంక గొడవ చెయ్యబోమని రాసుంది, అంతే."

"బయటికెళ్లి పైకి చదవండి బాబూ. అందరూ వినాలి," అంది సూర్యావతి.

"ఏంటి?"

"మాకది కట్టుబాటండీ."

కానిస్టేబులు విసుక్కుంటూనే ఆవరణలోకి వచ్చి చదివాడు. అందులో వాళ్లిద్దరూ 'తీర్థయాత్రలో ప్రమాదానికి గురైన స్త్రీలు' అని ఉంది. కోర్టు కాగితంలోంచి ఎత్తి రాసినట్టున్నారు. ఆవరణలో అందరూ ఒక్కసారిగా కాదు కాదని అరిచారు.

"అది కొట్టేసి, పనికెళ్తున్న కూలీలని రాయండి, పెడతాం," అంది సూర్యావతి.

"అది వేరే కేసమ్మా. నేనెలా మారుస్తాను? పెట్టకపోతే మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి. రిమాండు చేస్తారేమో. ఆలోచించుకో."

సూర్యావతి క్రిస్టీనా కేసి చూసింది. లీడరుగా చూడలేదు, అడగడానికి చూసింది. క్రిస్టీనా ఎడమచేతి బొటనవేలు పిడికిట్లో ముడుచుకుంది.

"పెట్టమండీ," అన్నారు ఇద్దరూ.

మధ్యాహ్నం రెండింటికి వాళ్లని జీపులో తీసుకెళ్లారు. జీపు గేటు దాటుతుంటే ఆవరణలోని ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. తుంటి సహకరించక ముత్యాలు కుర్చీలోనే ఉండి చెయ్యెత్తింది. మర్నాడు షెడ్డులోకి ఒక్కరు కూడా వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. చుట్టుపక్కల మూడు పేటల్లో సంచీ గుమ్మం బయట పెట్టాలన్న కట్టుబాటు చేసుకున్నారు.

ఇద్దరూ తొమ్మిది రోజులకి బెయిలు మీద బయటికి వచ్చారు. షెడ్డు తెరిచారు, వేరే ఊళ్లనుంచి వేరే ఆడవాళ్లని తెచ్చుకున్నారు. ఆ ఆడవాళ్లు కూడా ట్రేల మధ్యే నిలబడి వస్తున్నారు. లాయరు గారు ఫైలు ఇవ్వలేదు. ప్రణవి వేసిన అర్జీ ఇంకా విచారణకి రాలేదు. సత్తిబాబు ఇప్పుడు ఇంకో ఆసుపత్రి దగ్గర తిరుగుతున్నాడంటున్నారు. ఆ సోమవారం పొద్దున్న దుర్గా, మిగిలిన పదిమందీ పనికి వెళ్తున్నారన్న మాట ఈ రోజు వరకూ ఏ కాగితంలోనూ రాయలేదు.