పదమూడు నిమిషాల దారి

ఆఫీసులో అందరూ ఆమెను ఆరా అక్క అనేవారు. ఏ అంకె కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు కూపీ లాగందే వదలదని ఆ పేరు పెట్టారు.

ఆ వారం ఆమె ముందుకు రెండు వందల బడుల సర్వే వచ్చింది. పిల్లలు ట్యాబుల్లో నింపిన జవాబులు. ‘ఇంటి నుంచి బడికి నడిచి రావడానికి ఎన్ని నిమిషాలు?’ అన్న ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ గ్రాఫు గీసింది. ఐదు, పది, పదిహేను దగ్గర గీతలు తాడిచెట్టంత లేచాయి. మధ్యలో అంతా బోసి. పిల్లలు ఉజ్జాయింపుగా నోటికొచ్చింది వేశారన్నమాట. అది మామూలే.

బడులవారీగా విడదీసి చూస్తే ఒక్క బడి మాత్రం దారికి రాలేదు. ఏడు, పదమూడు, ఇరవై రెండు... పైగా ట్యాబుల్లో నమోదైన సమయం చూస్తే, మిగతావాళ్ళు పది సెకన్లలో దాటేసిన ఆ ప్రశ్న దగ్గర ఈ బడి పిల్లలు ముప్పై నలుగురూ మర్నాటి దాకా ఆగిపోయారు!

“ట్యాబులు మొండికేసి ఉంటాయమ్మా. తీసి పారెయ్,” అన్నాడు పెద్దసారు. నింపడానికి గంట దాటిన జవాబులు తొలగించాలని నియమం రాసింది ఆయనే.

ఆమెకు మనసొప్పలేదు. మొండికేస్తే ఒకటో రెండో మొండికేస్తాయి గానీ, ముప్పై నాలుగూ కూడబలుక్కుంటాయా? బడికి ఫోన్ చేసింది. లెక్కల టీచరు ఎత్తింది.

“ఆలస్యం మావల్లేనండీ. ఎన్ని నిమిషాలో తెలీదు టీచర్ అన్నారు పిల్లలు. తెలీనిది ఎలా రాస్తారు? రేపు గడియారం చూసుకుని బయల్దేరండి, వచ్చాక రాద్దాం అన్నాను.”

“అందరూ చూసుకునే వచ్చారా?”

“చూడకేం! ఒక పిల్లయితే దారిలో కుక్కపిల్లతో ఆడిందట. ఆ రెండు నిమిషాలు ఉంచాలా, తీసెయ్యాలా అని నా ప్రాణం తోడేసింది.”

“మీరేమన్నారు?”

“రోజూ ఆడతావా అంటే, రోజూ అంది. ఉంచెయ్యమన్నాను.”

ఆరా అక్క పగలబడి నవ్వి, సంగతంతా పెద్దసారు చెవిన వేసింది. ఆయన నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, “అయితే తక్కినవాళ్ళు ఎంత తప్పు రాసుంటారంటావ్?” అన్నాడు.

పది బడుల్లో పిల్లల చేత మళ్ళీ, ఈసారి గడియారం చూసుకుని నడిచొచ్చాక, రాయించారు. ముందు అరగంట అని రాసినవాళ్ళలో సగం మంది నలభై నిమిషాల పైనే నడుస్తున్నారు. దగ్గరివాళ్ళవి దాదాపు సరిపోయాయి. గంట నియమాన్ని పెద్దసారే కొట్టేశాడు.

“దూరం పిల్లలే ఎందుకు తక్కువ రాశారు?” అన్నాడు.

“అలవాటైన దారి కదా సార్, దూరం అనిపించదేమో. ఏమో మరి!”

“మనం అనుకోవడం దేనికి, వాళ్ళనే అడుగుదాం,” అంటూ ఆయన కీబోర్డు ముందుకు జరిగి, కొత్త ప్రశ్న టైపు చేయసాగాడు.