కన్ను లేని కంద

మా ఇంట్లో కూరకి కంద కోసేది నేను. విత్తనానికి కోసేది నీలవేణి. ఇరవై రెండేళ్లు అలాగే జరిగింది. నా చేతులకి దురద అంతగా పట్టదని కూర పని నాకు వదిలేసింది. విత్తనం మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

"మీరు బళ్లో పాఠం చెప్పుకోండి. ఇది నేను చూసుకుంటాను" అనేది.

ఆ విత్తనం పెళ్లయిన ఏడాది ఆమె పుట్టింటి నుంచి గోనెసంచిలో తెచ్చుకున్నది. గొంతులో దురద పెట్టని రకం. బచ్చలితో వండితే వెన్నలా కరిగేది. ఏటా ఇంటి వెనక పదిహేను సెంట్లలో వేసి, పుష్యమాసంలో తవ్వి, మంచి దుంపలు విత్తనానికి తీసిపెట్టేది. పుట్టింటివాళ్లు చేపల చెరువులు తవ్వేశాక ఆ రకం మా దొడ్లో తప్ప ఇంకెక్కడా లేదు.

కిందటి మాఘంలో నీలవేణి పోయింది. కొట్టుగదిలో ఇసుక మీద ఆమె పరిచిన దుంపలు అలాగే ఉన్నాయి. వైశాఖంలో వాటిని నేనే కోశాను.

చేతులు తమకు తెలిసిన పనే చేశాయి. కూరకి కోసేటప్పుడు ముందుగా దుంప నడినెత్తిన ఉండే గులాబీ మొగ్గని చెక్కి పారేస్తాం. అన్నిటికీ అలాగే చెక్కాను. చెక్కినవన్నీ కాలువలో వేశాను. ముక్కల్ని పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి, నాటి, పైన ఎండుగడ్డి కప్పాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

నలభై రోజులకి పక్క చేను రైతు త్రిమూర్తులు వేసిన కంద గొడుగుల్లాంటి ఆకులు విప్పింది. నా దొడ్లో గడ్డి కదల్లేదు. త్రిమూర్తులు వచ్చి ఒక ముక్కని తవ్వి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాస్టారండీ, కన్నేదండీ దీనికి?"

"కన్నంటే?"

"అయ్య బాబోయ్! నడిమి మొగ్గండీ. పుచ్చకాయ చెక్కల్లా నిలువునా కోసి, ఆ మొగ్గని ముక్క ముక్కకీ పంచాలండీ. ఇంతకీ ఇది విత్తనానికి కోశారా, పులుసుకి కోశారా?"

వెనకే వచ్చిన వాళ్లమ్మ చిట్టెమ్మ కసిరింది. "నోర్ముయ్యరా. పాపం, ఆయనకేం తెలుసు? ఆ మహాతల్లి ఉంటే ఇలా జరిగేదా?"

నేను బళ్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. తెలియదని చెప్పుకునే హక్కు కూడా నాకు లేదు.

"ఆదివారం ట్రాక్టర్‌కి రోటవేటర్ తగిలించి తెస్తానండీ, దున్నేద్దాం. బెండ వేసుకుందాం. నేల ఊరికే ఎందుకు?" అన్నాడు త్రిమూర్తులు.

సరేనన్నాను.

శుక్రవారం ఎనిమిదో తరగతిలో కాండం పాఠం. అల్లం, పసుపు, కంద నేలలో ఉన్నా వేళ్లు కావని, కాండాలేనని చెప్పాను. కంద చెట్టని మనం పిలిచేది నిజానికి ఒకే ఒక ఆకు అని, అసలు కాండం మట్టిలో ఉండే దుంపేనని బోర్డు మీద బొమ్మ గీశాను. దుంప చుట్టూ వలయాలు గీసి, ఇవి కణుపులని రాశాను. వీరదుర్గ చెయ్యెత్తింది.

"మాస్టారండీ, మందారం కొన తుంచితే పక్క మొగ్గలు లేస్తాయని మొన్న చెప్పారు కదండీ. కందకి కన్ను చెక్కేస్తే కూడా అంతేనాండీ?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా సంగతి ఊరంతటికీ తెలిసిందే.

"కంద గురించి అడుగుతున్నావా, నా గురించా?"

"కంద గురించేనండీ" అంది, తడబడకుండా.

సుద్దముక్క చేతిలో ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఆ బొమ్మ గీస్తున్నాను. కణుపు ఉన్నచోట మొగ్గ ఉంటుంది. కొనమొగ్గ ఉన్నంతకాలం అది పక్కవాటిని లేవనివ్వదు. ఇదంతా నేను చెప్పిన పాఠమే.

బళ్లోంచి భూతద్దం తీసుకుని ఇంటికి వెళ్లాను. గడ్డి తొలగించి ఒక ముక్క తీసి, కడిగి, వలయం వెంబడి చూశాను. గోధుమరంగు చర్మం మీద ఒకచోట బియ్యపు నూకంత తెల్లటి చుక్క. ఇంకొంచెం పక్కన మరొకటి. మరో ముక్క తీశాను. దానికీ ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే త్రిమూర్తులు ట్రాక్టర్ దొడ్డిగుమ్మం దగ్గరికి తెచ్చాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఆపు త్రిమూర్తులూ. ఇవి చావలేదు."

ఇంజిన్ ఆపి, దిగి, భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "చుక్కలైతే ఉన్నాయండీ. చుక్కలు చెట్లవుతాయంటారా? నా ఎరికలో కన్ను లేని ముక్కని ఎవరూ నాటలేదు."

"ఇరవై రోజులు ఆగు."

"రాకపోతే?"

"రాకపోతే నువ్వు వేసిన బెండకాయలే తింటాను."

నవ్వి, ట్రాక్టర్ వెనక్కి తిప్పాడు.

ఆ రోజుల్లో వాన పడింది. పొద్దున్నే చూడ్డం, గడ్డి సర్దడం, బడికి పోవడం. పది రోజులైంది. పదిహేనైంది. వీరదుర్గ రోజూ హాజరు పిలిచేటప్పుడు నా ముఖం చూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

పద్దెనిమిదో రోజు పొద్దున నీళ్ల బిందెతో మా గట్టు మీదుగా వెళ్తున్న చిట్టెమ్మ ఆగిపోయింది. బిందె కింద పెట్టి కేకేసింది.

"ఒరేయ్ త్రిమూర్తులూ! రారా! మాస్టారి కంద లేచిందిరా!"

పరుగెత్తుకొచ్చాను. గడ్డిని చీల్చుకుని శూలాల్లాంటి మొనలు. ఒక్కో ముక్కకి ఒకటి కాదు, రెండు, మూడు. చిట్టెమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని సాళ్ల వెంట నడుస్తూ వేళ్లు మడుస్తోంది. వేళ్లు చాలక మళ్లీ మొదలుపెట్టింది.

త్రిమూర్తులు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏంటండీ ఇది! కన్ను తీసేస్తే ఒళ్లంతా కళ్లొచ్చాయి!"

ఆ రోజు బళ్లో హాజరు పట్టీ తెరవకముందే తల నిలువుగా ఊపాను. వీరదుర్గ బెంచీ మీద చరిచింది. మొత్తం తరగతి చరిచింది. పక్క గది మాస్టారు వచ్చి తొంగి చూశారు. నేను ఎవరినీ ఆపలేదు.

పుష్యంలో తవ్వాం. దుంపలు పెద్దవి కావు, కొబ్బరికాయంతే. కానీ గోతికి రెండు మూడేసి వచ్చాయి. గోనెలు చాలక చిట్టెమ్మ ఇంట్లోంచి బుట్టలు తెచ్చింది. ఒక దుంప కోసి బచ్చలితో వండింది. గొంతు దురద పెట్టలేదు.

"మాస్టారండీ, నాకో రెండు బుట్టల విత్తనం ఇవ్వాలి మీరు. ఇంత చిన్న దుంపలైతే కొయ్యక్కర్లేదు, ఉన్నవి ఉన్నట్టు నాటెయ్యొచ్చు" అన్నాడు త్రిమూర్తులు.

ఒక దుంప తీసి మట్టి తుడిచి చూశాను. నడినెత్తిన గులాబీ రంగు మొగ్గ. ప్రతిదానికీ దాని కన్ను దానికుంది.

రెండు బుట్టలు అతనికిచ్చాను. వీరదుర్గకి ఒక దుంప ఇచ్చాను. మిగిలినవి కొట్టుగదిలో, నీలవేణి పోసిన ఇసుక మీదే, ఆమె పరిచినట్టే పరిచాను. గది నిండిపోయింది.