బండికి కొత్త ముక్కు

రోజూ పదిన్నర అయ్యేసరికి లాలాపేట్‌లోని ఆ రేకుల ఇంటి ముందు డీజిల్ బండి స్టార్ట్ అయ్యేది. అమృతమ్మ ఒక్కొక్క గిన్నె తెచ్చి, మూత తీసి బానెట్ ముందు పట్టేది. పప్పు బాగుంటే ఇంజన్ ఒక్క తీరుగా గురగురమనేది. చారులో ఇంగువ మరిచిపోతే ఒకసారి దగ్గేది. పెరుగు పులిసిందంటే మాత్రం టక్కున ఆగిపోయేది. ఆ గిన్నె ఇంట్లో పెట్టి వచ్చేదాకా కదిలేది కాదు.

"మీ బండి ఇయ్యాల దేనికి అలిగిందే?" అని పక్కింటామె బియ్యం ఏరుకుంటూ అడిగేది.

"పెరుగుకు" అనేది అమృతమ్మ. అంతే, ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లు.

ఆ బండి వెనకభాగమే వాళ్ల హోటల్. ఆమె వండేది, భర్త సమ్మయ్య నడిపేవాడు. బ్రిడ్జి ఎక్కి దిగి, తార్నాక చౌరస్తా దాటి, క్యాంపస్‌లో హాస్టళ్ల దగ్గర ఆపితే చదువుకునే పిల్లలు ప్లేట్లు పట్టుకుని మూగేవాళ్లు.

మూడేళ్ల కింద వచ్చిన జ్వరం పోతూ పోతూ అమృతమ్మకు వాసన లేకుండా చేసి పోయింది. మల్లెపూలూ కిరసనాయిలూ ఆమెకు ఒక్కటే అయ్యాయి. ఆ సంగతి సమ్మయ్యకు తెలుసు, బండికి తెలుసు, ఒక్క నిరోషకు తెలుసు. నిరోష అంటే, బండి వెనక రేకు మీద పలక పెట్టి రెండేళ్ల పాటు ఆమెకు అక్షరాలు దిద్దించిన హాస్టల్ పిల్ల. మిగతా వాళ్లకు చెప్పలేదు. వాసన తెలియని మనిషి వండిందంటే ఎవరు తింటారు?

వాసన పోయినప్పటి నుంచి ఆమెకు అన్నింటి మీదా అనుమానమే. ఏది కంపు కొడుతుందో తెలియక దుప్పట్లు, మసిగుడ్డలు, చెప్పులు అన్నీ రెండేసి సార్లు ఉతికేది. ఒక ఆదివారం సమ్మయ్య దుమ్ము దులుపుదామని బండి ఎయిర్ ఫిల్టర్ తీసి, అరుగు మీద పెట్టి చాయ్‌కి పోయాడు. మడతలు మడతలుగా, నల్లగా ఉన్న ఆ కాగితపు చుట్టను చూసి ఆమె చేతులు ఊరుకోలేదు. కుంకుడురసంలో నానబెట్టి, చీర కుచ్చిళ్లు విప్పినట్టు మడత మడతా విప్పి రుద్ది, తీగ మీద ఆరేసింది.

ఫిల్టర్ తెల్లగా అయింది. తిరిగి బిగిస్తే బండికే ఊపిరి ఆడలేదు. బ్రిడ్జి ఎక్కుతుంటే నల్లపొగ, ఆయాసం. దానికి తోడు బండికీ వాసన తెలియకుండా పోయింది. ఏ గిన్నె పట్టినా అదే గురగుర. డీజిల్ పొగకు మొద్దుబారిన సమ్మయ్య ముక్కు అక్కరకు రాలేదు. ఆ బుధవారం పులిసిన పెరుగు పిల్లల ప్లేట్లలోకి పోయింది. నలుగురికి కడుపునొప్పి.

హాస్టల్ వార్డెన్ సారు వచ్చి, "సోమవారం నేనే తిని చూస్త. బాగలేకుంటె ఇగ ఈడ బండి పెట్టొద్దు" అని చెప్పి పోయాడు.

మెకానిక్ పరుశురాం ఫిల్టర్‌ను ఎండకు ఎత్తి చూశాడు.

"ఎవలు ఉతికిన్రే దీన్ని?"

"మీ వదినె. ఇంట్ల బట్టలు అయిపోయినయ్, బండి మీద పడ్డది" అన్నాడు సమ్మయ్య.

"ఇస్త్రీ గూడ చేయకపోయినవ్ వదినె."

అమృతమ్మ నవ్వలేదు. "బాగు చేస్తవా, చేయవా?"

"చేస్త గని, ఇది పనికిరాదు. గాలి పీల్చే తొవ్వనే మార్చాలె. టర్బో అంటే ఏంది, గాలిని గుంజి ఇంజన్ల నూకుతది. మనోడు ఇన్నేండ్లు బానెట్ కింది ఉడుకు గాలే తాగిండు. పెద్ద ఫిల్టర్ డబ్బా పెట్టి పైపు బైటికి తీస్తే సల్లగాలి దొరుకుతది. పైపు మూతి యాడ పెట్టమంటవ్?"

"నా కిటికి పక్కన" అంది అమృతమ్మ.

అతుకుల దగ్గర సందు లేకుండా క్లిప్పులు బిగించి, చేతిలావు నల్లపైపును ఎడమ పక్కగా ఆమె కూర్చునే సీటు కిటికీ దాకా తెచ్చాడు పరుశురాం. మర్నాడు బండి బ్రిడ్జిని ఒక్క దమ్ములో ఎక్కింది. వాసన మాత్రం దానికి తెలియలేదు.

"కొత్త ముక్కు గదా అమ్మా, దానికేం తెలుస్తది?" అంది నిరోష, పెరుగు ముట్టకుండా అన్నం కలుపుకుంటూ. "నీకు నేను అ నుంచి చెప్పలేదా? నువ్వు దానికి ఆవాల నుంచి చెప్పు."

అప్పటి నుంచి దారి పొడవునా అమృతమ్మ ఒళ్లో క్యారియర్ పెట్టుకుని, ఒక్కొక్క గిన్నె పైపు మూతికి పట్టి చెప్పేది. "ఇది ఆవాలు. ముక్కుల సూది గుచ్చినట్టుంటది. ఇది ఇంగువ. ముందుగాల కంపు, నూనెల పడ్డంక కమ్మగ." చెప్పాలంటే తను వెతుక్కోవాలి కదా. కళ్లు మూసుకుని, తల్లి పొయ్యి దాకా పోయి ఒక్కొక్క వాసనా ఏరుకొచ్చేది. పైపు అన్నీ వినేది, లోపలికి పీల్చుకునేది.

సోమవారం వచ్చింది. ఆ రోజు కూడా ఇంటి ముందు బండి ఏ గిన్నెకూ పలకలేదు. బ్రిడ్జి మీదికి ఎక్కి, దిగబోతూ సమ్మయ్య యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. పైపు ఉస్సుమని పీల్చిన గాలంతా ఆమె మొహాన వదిలింది. చల్లటి గాలి. అందులో డీజిల్. డీజిల్ వెనక తడిసిన మట్టి, కరివేపాకు, ఎండుమిర్చి. ఆ వెనక ఇంకొకటి.

ఆమె కదలకుండా కూర్చుంది. మళ్లీ ఒకసారి పీల్చింది.

"ఆపు" అంది.

ఆయన బ్రేకు తొక్కకముందే బండి ఆగిపోయింది.

"ఏమైంది?"

"పప్పు అడుగంటింది."

సమ్మయ్య బండి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఎవలు చెప్పిన్రు?"

"ఎవలో చెప్పుడేంది? నేనే అంటున్న. మాడు వాసన. ఇంటికి తిప్పు, మళ్ల పెడత."

ఆయన బండి తిప్పాడు.

ఆ రోజు పిల్లలకు గంట ఆలస్యంగా అన్నం దొరికింది. వార్డెన్ సారు పప్పు రెండోసారి వేయించుకుని, పెరుగు గిన్నె ఊడ్చి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

సాయంత్రం అమృతమ్మ ఉతికే బట్టల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుంది, పక్కన పెట్టింది. తీగ మీద ఆ రోజు సమ్మయ్య అంగీ ఒక్కటే ఆరింది.