మీగడ తెలుపు

ఆ బట్టల షాపులో ఆడవాళ్ల కౌంటరు దగ్గర ఆరేళ్లుగా నిలబడి అమ్ముతున్న ఆమెను అందరూ నేరేడు అనే పిలుస్తారు. చిన్నప్పుడు మేనత్త పెట్టిన పేరది. ముద్దుకి పెట్టిందో, దెప్పడానికి పెట్టిందో ఇప్పటికీ తేలలేదు. తెలుపు జోలికి మాత్రం పోవద్దని ఆ అత్తే గట్టిగా చెప్పింది. నేరేడు పోలేదు. రోజుకి పాతిక తెల్ల టాపులు ఊళ్లోవాళ్లకి అమ్ముతుంది గానీ, ఒక్కటీ తన మెడకింద పెట్టి చూసుకోలేదు.

ఒకరోజు సూపర్‌వైజర్ కొత్త యూనిఫాంలు పంచాడు. ముందు కౌంటరువాళ్లందరికీ తెల్ల టాపులు. నేరేడు ప్యాకెట్ విప్పితే మట్టిరంగుది.

"నాది మారిపోయినట్టుంది సార్."

"ఏం మారలేదు. నువ్వు తెలుపేసుకుంటే పాలల్లో ఈగ పడ్డట్టుంటుంది. సోమవారం నుంచి నీ డ్యూటీ స్టాకు రూములో."

పక్క కౌంటరు పిల్ల కిసుక్కున నవ్వింది. నేరేడు ఆ మట్టిరంగు టాపుని మళ్లీ ప్యాకెట్లో కుక్కేసింది.

ఇంటికొచ్చి ప్యాకెట్ మంచం మీదకి విసిరికొట్టింది. మిషన్ కుడుతున్న వదిన, అన్నయ్య భార్య, సంగతంతా విని కాలు ఆపింది.

"అయితే తెల్లదే వేసుకుని పో."

"నాకు నప్పదు వదినా."

"ఎవరు చెప్పారు, అద్దమా?"

"అత్త."

"మీ అత్త నాకు పసుపుపచ్చ నప్పదంది. పెళ్లిచూపుల్లో నేను కట్టుకున్నది అదే. మీ అన్నయ్య అప్పుడు పడ్డాడు, ఇంకా లేవలేదు."

తెల్లారగానే వదిన ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తెల్లగుడ్డ ముక్కలు ఒక్కొక్కటే గడ్డం కింద పెట్టింది. నీలిఛాయ కొట్టే తెలుపుకి ముఖం బూడిద పూసినట్టయింది. సున్నపు తెలుపు కళ్లకి గుచ్చుకుంది. మూడోది కాస్త పసుపు కలిసిన మీగడ తెలుపు. అది పెట్టగానే వదిన చెయ్యి ఆగిపోయింది. అద్దంలో నేరేడు బుగ్గలు నిగనిగలాడుతున్నాయి, కళ్లు ఇంతింత కనిపిస్తున్నాయి.

"ఇది నేనేనా?"

"ఇన్నాళ్లూ నువ్వే. తెలుపంటే ఒక్కటే అనుకున్నారు మీవాళ్లు." మెడ కాస్త దిగేలా కొలత తీసుకుంటూ అంది వదిన.

సోమవారం ఆ కొత్త టాపు వేసుకుని నేరేడు తన పాత చోటే నిలబడింది. సూపర్‌వైజర్ గబగబా వచ్చాడు.

"స్టాకు రూముకి పొమ్మన్నానా లేదా?"

"పోతాను సార్. నేను నల్లగా ఉన్నానని పంపిస్తున్నట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఈ నిమిషమే పోతాను."

"నాకే ఎదురు చెప్తావా!" అని అతను గట్టిగా అరిచాడు. మొన్న నవ్విన పిల్ల తలొంచుకుని మడతలు పెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టింది. గొడవకి పైనుంచి ఓనరమ్మ దిగొచ్చింది. నేరేడు ఒక్క ముక్క దాచలేదు, పాలల్లో ఈగతో సహా చెప్పేసింది. "ఆరేళ్లుగా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారమ్మా. వాళ్లకెవరికీ ఈగ కనబడలేదు" అంది.

ఓనరమ్మ టాపు అంచు పట్టుకుని కుట్టు చూసింది. క్షమించమనలేదు, మెచ్చుకోనూ లేదు. "ఈమెని ఇక్కడే ఉండనివ్వు" అని సూపర్‌వైజర్‌తో అని మెట్లెక్కేసింది.

అతను మాత్రం ఓడిపోవడం ఇష్టంలేక గొణిగాడు. "సరే, ఈ ఒక్కరోజుకి కానీ."

"ఒక్కరోజేంటి సార్! మార్చి మార్చి వేసుకోడానికి ఇంకో రెండు కుట్టిస్తున్నా" అని, అప్పుడే తలుపు తోసుకుని లోపలికొస్తున్న కస్టమర్‌కి ఎదురెళ్లింది.