గడ్డలు పడుతున్నాయా?

ఆ ఆదివారం ఇంట్లో మంచం మీద నాన్నమ్మ, పేపరు వెనక నాన్న, చూసిపోదామని వచ్చిన అత్త, కుట్టు మిషను ముందు అమ్మ, వంటగది గుమ్మంలో గోడకి అతుక్కుని కూతురు ఉన్నారు. పెద్దగా మాట్లాడదని ఆ పిల్లని అందరూ మూగి అనేవారు.

"ఏంటి వదినా, సున్నం కొట్టిన గోడలా పాలిపోయావు?" అంది అత్త.

"ఈ నెలా ఆగడం లేదు," అంది అమ్మ గొంతు తగ్గించి. నాన్న పేపరు తిప్పాడు.

"ఆ వయసుకి ఎవరికైనా ఇంతే. నేను పడలేదా? చచ్చానా?" అంది నాన్నమ్మ.

"నీ దగ్గరికి రావాలంటే చావుకే భయంలే అమ్మా," అంది అత్త.

అమ్మ నవ్వింది. "డాక్టరమ్మ చూసిందిలే. గడ్డలేం లేవు. బలానికి మాత్రలిచ్చింది."

ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ ముఖం తేటపడేది. వాళ్ల అక్క కడుపులో గడ్డతోనే పోయింది మరి.

మూగికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆస్పత్రిలో పక్కనే ఉందా పిల్ల. "గడ్డలు పడుతున్నాయా?" అని డాక్టరమ్మ అడగడం, "అయ్యో, అలాంటివేం లేవండి" అని అమ్మ గబుక్కున అనేయడం విన్నది. తర్వాత బడికొచ్చిన నర్సు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి చెప్పింది. నెత్తురు ముద్దలు ముద్దలుగా పోతే గడ్డలు పడటం అంటారట. గర్భసంచిలో కండ పెరిగినా, థైరాయిడ్ తేడా చేసినా అలా అవుతుందట. చాలామందికి మందులతోనే తగ్గుతుందట. ఊరుకుంటే మనిషిలో నెత్తురే మిగలదట. అమ్మ లంగాలు జాడించేది మూగే. ఆ ముద్దలు ఆమె చేతులకి తెలుసు. అమ్మకి చెప్పాలని రోజూ అనుకునేది. నోరు పెగిలేది కాదు.

అమ్మ సూదిలో దారం ఎక్కించబోయింది. దారం జారింది. మళ్లీ జారింది. కళ్లు మూసుకుని మిషను మీద తల ఆనించింది.

"అమ్మకి గడ్డలు పడుతున్నాయి," అనేసింది మూగి. "డాక్టరమ్మకి లేవని చెప్పింది."

అమ్మ చివాలున తల ఎత్తింది.

"గడ్డా? ఎక్కడే?" అంది అత్త. నాన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న పేపరు దించాడు.

"నా దగ్గర కూడా దాచావా?" అన్నాడు అమ్మతో.

అవి కావు నాన్నా అనాలి. నెత్తురు అనాలి, నెలసరి అనాలి. నాన్న ముఖం చూసి మూగి ఆ మాటలు అనలేకపోయింది.

అమ్మ లేచింది. స్టూలు మీద ఎర్రటి మరక. అందరూ చూశారు. నాన్న చూపు తిప్పుకున్నాడు. అమ్మ చీర వెనక్కి లాక్కుంటూ గోడ పట్టుకుని లోపలి గదిలోకి నడిచింది.

మూగి వెనకే పరిగెత్తింది. "అమ్మా, పెద్దమ్మకి వచ్చిన గడ్డ కాదు. డాక్టరమ్మ అడిగింది నెత్తురు గడ్డల గురించి. మందులున్నాయట. రేపు మళ్లీ వెళ్దాం, నేనే చెప్తాను."

అమ్మ వినలేదు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"ఇన్నాళ్లూ లేని నోరు ఇవాళే లేచిందా తల్లీ, నలుగురిలో నన్ను నిలబెట్టడానికి? ఇంక నేనెక్కడికీ రాను."

తలుపు వేసేసుకుంది.